చలికాలమున నిలిచియుండు పక్షులు

మన దేశమున చలికాలమనగా పక్షులు వచ్చు కాలము. కార్తీకమాసము నాటికి పులికాటు సరస్సునకును కొల్లేటికిని దూరదేశపు పక్షులు గుంపులుగా చేరును. జొన్నచేల మీద గులాబి గోరువంకలు మబ్బువలె లేచి వ్రాలును. కావున చలికాలపు పక్షి యనగానే మన తలంపు అతిథుల మీదికి పోవుట సహజము. అయితే ఆ అతిథులు విడిచివచ్చిన ఉత్తర దేశములలో ఇదే కాలము ఎడబాటు కాలము. కెనడాలోను, అమెరికా ఈశాన్య రాష్ట్రములలోను వేసవియందు కూసిన పక్షిజాతులలో అధిక భాగము శరదృతువున దక్షిణమునకు వెడలిపోవును. వెళ్లక నిలిచిపోవునవి కొన్ని కలవు. ఈ పాఠము వాటిని గూర్చినది.

వెళ్లు పక్షికి మన భాషలో "వలసపక్షి" యను చక్కని పేరున్నది. నిలిచియుండు పక్షికి అంత వాడుకయైన పేరు లేదు. "స్థిరవాస పక్షి" యని పుస్తకములలో వ్రాయుదుము గాని ఇంటిలో ఎవరును ఆ మాట పలుకరు. భాషాంతరము చేయువారికి ఇది తరచు తటస్థపడు చిక్కు. కదలునది కంటబడును, పేరు పొందును. ఉన్నచోటనే యుండునది పేరు లేకయే బ్రదుకును. యిర్మీయా గ్రంథము ఎనిమిదవ అధ్యాయమున ప్రవక్త పేర్కొనిన పక్షులు సహితము కాలమెరిగి వచ్చిపోవునవే. పాలస్తీనా దేశము గొప్ప వలసమార్గము మీద నున్నది గనుక అచటి జనులు ఏటేట చూచినవి అవే.

మొదట ఒక పొరపాటు అభిప్రాయమును తొలగింపవలెను. పక్షులు చలికి భయపడి పారిపోవునని మనమనుకొందుము. వాస్తవమునకు అనేక జాతులను తరుమునది చలి కంటె ఆకలియే. గాలిలో ఎగురు పురుగులను తిను వానకోవెలకు మంచు కురియు దేశమున జనవరి మాసమున ఒక్క ముద్దయు దొరకదు. వడ్రంగిపిట్ట ఆహారమో బెరడు క్రిందను, కఱ్ఱ లోపలను దాగియుండును. ముక్కుతో తలుపు తెరచు శక్తి గలదానికి ఆ కొట్టు ఏడాది పొడుగునను మూయబడదు. వడ్రంగిపిట్టల కుటుంబములోనే దీనికొక సాక్ష్యమున్నది. పసుపుపొట్ట సాప్‌సకర్ అనునది చెట్టుకు గంట్లు పెట్టి ఊరిన రసమును త్రాగును. చలికి రసపు ప్రవాహము నిలిచిపోవును గనుక అది మాత్రము దక్షిణమునకు పోవును. దాని బంధువైన డౌనీ వడ్రంగిపిట్ట అదే అడవిలో నిలిచియుండును.

ఈ డౌనీ వడ్రంగిపిట్ట ఉత్తర అమెరికా వడ్రంగిపిట్టలలో మిక్కిలి చిన్నది. దాని తూకము 21 మొదలు 28 గ్రాములు మాత్రమే. నలుపు తెలుపు రంగులది. మగదానికి తల వెనుక ఎఱ్ఱని మచ్చ యుండును. డిసెంబరు చివర ఆ ప్రాంతములలో పగలు దాదాపు తొమ్మిది గంటలు, రాత్రి పదునైదు గంటలు. ఉష్ణత శూన్యమునకు దిగువ 20 డిగ్రీలకు పడిపోవు రాత్రులు గలవు. పిడికిలిలో ఇముడు దేహము ఆ పదునైదు గంటలును తన వేడిని తానే కాపాడుకొనవలెను. తొమ్మిది గంటలలో తిన్నది చాలనియెడల మరునాటి వెలుగును అది చూడదు. చిన్న పక్షులకు చలికాలమనగా ఇదియే లెక్క. ప్రతి సాయంకాలమును ఈ లెక్క సరిపోవలెను.

అందుచేత శరదృతువుననే అది ఒక పని ముగించుకొనును. గుడ్లు పెట్టుటకు వసంతమున తొలుచు గూడు వేరు, నిదురించుటకు శరత్కాలమున తొలుచు తొఱ్ఱ వేరు. ఎండిపోయి మెత్తబడిన మానునో కొమ్మ మొదలునో ఎన్నుకొని ఒక్కొక్క పిట్ట తనకొక తొఱ్ఱను చేసికొనును. ఆడదియు మగదియు కలిసి పండుకొనవు. ఎవరి గది వారిదే. లోపల గాలి తగులదు, మంచు తడపదు. ఆరుబయట ఈక సందులలో నిలిచిన వెచ్చని గాలిని ఈదురుగాలి కొట్టుకొనిపోవును. తొఱ్ఱలో ఆ వెచ్చదనము ఈకలను అంటిపెట్టుకొని యుండును. చెప్పుటకిది స్వల్పముగా నుండవచ్చును గాని, చావుబ్రదుకుల మధ్యనున్న దూరము కొన్ని రాత్రులలో అంత మాత్రమే.

పగటి వేళ దాని పని చూడదగినది. ఆ దేశపు బీడు భూములలో గోల్డెన్‌రాడ్ అను పసుపుపూల మొక్క విస్తారముగా పెరుగును. ఒక చిన్న ఈగ దాని కాడలో గుడ్డు పెట్టగా కాడ ఉబ్బి గుండ్రని బుడిపె యగును. ఈగ పిల్లపురుగు ఆ బుడిపె నడుమ చలికాలమంతయు గడపును. దాని దేహములో గ్లిసరాల్ వంటి పదార్థములు చేరుట వలన మంచులో గడ్డకట్టినను అది చావదు. వసంతమున రెక్కలు వచ్చిన తరువాత బుడిపెను తొలుచుటకు దానికి నోరుండదు గనుక, పురుగుగా నున్నప్పుడే శరత్కాలమున పైపొర వరకు ఒక సొరంగము త్రవ్వి, పలుచని తెరను మాత్రము విడిచిపెట్టును. ఎంత ముందుచూపు! అయితే డౌనీ వడ్రంగిపిట్ట ఆ సొరంగపు ద్వారమునే కనుగొని, అక్కడనే సన్నని రంధ్రము చేసి పురుగును తీసికొనును. చికడీ పిట్టయు ఇదే బుడిపెను పొడుచును గాని అది చేయు రంధ్రము వెడల్పుగాను చిందరవందరగాను ఉండును. చలికాలమున బీటిలో నడచువారు బుడిపెను చూచి, వచ్చిన పక్షి ఏదో చెప్పగలరు.

ఈ పిట్టల కాపురములో సమానత్వము లేదు. చలికాలమున మగది సన్నని కొమ్మలను, కలుపుమొక్కల కాడలను తనవిగా చేసికొనును. ఆడది లావు కొమ్మలమీదను మాను మీదను వెదకుకొనవలెను. ఇది ఆడదాని స్వభావమో, మగదాని పెత్తనమో యని పరిశోధకులు విచారించిరి. 1983లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో ఒక అడవి నుండి మగవాటిని తొలగించి చూడగా, ఆడవి వెంటనే సన్నని కొమ్మల మీదికి వచ్చినవి. దీనికి వ్యాఖ్యానము అక్కరలేదు.

ఈ వడ్రంగిపిట్ట ఒంటరిగా నిదురించును గాని ఒంటరిగా మేయదు. చికడీలును, టిట్‌మౌస్‌లును, చెట్టుమీద తలక్రిందుగా నడచు నట్‌హాచ్‌లును ఒక గుంపుగా అడవిలో తిరుగుచుండగా డౌనీ వాటి వెంట పోవును. చికడీ వదరుబోతు, డేగ కనబడినచో మొదట కేక వేయునది అదే. 1984లో కింబర్లీ సల్లివన్ అను పరిశోధకురాలు ఆ తోడి పక్షుల సాధారణ పిలుపులను యంత్రము ద్వారా వినిపించి చూచెను. ఆ శబ్దము వినబడుచున్నంత సేపు వడ్రంగిపిట్ట తల యెత్తి అటు ఇటు చూచుట తగ్గించి, ఎక్కువగా తినెను. కాపలావాడు మేలుకొని యున్నాడన్న నమ్మకముతో రైతు కలుపు తీసినట్లే యిది. తొమ్మిది గంటల పగటిలో తల యెత్తని ప్రతి క్షణమును లాభమే.

చికడీ యొక్క పద్ధతి వేరు. పది పన్నెండు గ్రాముల ఈ పిట్ట పగలంతయు క్రొవ్వు కూడబెట్టి రాత్రి దానిని కాల్చి వెచ్చబడును. అదియు చాలదు గనుక పగలు 42 డిగ్రీలుండు దేహోష్ణమును రాత్రి పది పన్నెండు డిగ్రీలు తగ్గించుకొని, దీపపు వత్తి తగ్గించినట్లు తన ఖర్చును తగ్గించుకొనును. గింజలను ఒక్కొక్కటిగా వేలకొలది చోట్ల దాచి, చోటు మరువక తిరిగి తీసికొనును. అలాస్కాలో పెరిగిన చికడీలు కొలరాడోలోని వాటికంటె ఎక్కువ గింజలు దాచుననియు, దాచిన చోటును మేలుగా జ్ఞాపకముంచుకొనుననియు 2002లో వెల్లడి యాయెను. కఠినమైన చలి కఠినమైన బడి వంటిది కాబోలు! పశ్చిమ రాష్ట్రములలోని పిగ్మీ నట్‌హాచ్‌లు ఒకే తొఱ్ఱలో వంద దాటి కూడ క్రిక్కిరిసి పండుకొనును. రఫ్డ్ గ్రౌస్ అను అడవికోడి మెత్తని మంచులోనికి దూకి, దానినే దుప్పటిగా కప్పుకొనును.

కాలిఫోర్నియాలోని ఏకార్న్ వడ్రంగిపిట్ట గాదె కట్టును. సింధూరవృక్షపు కాయలను ఒక మానులో ఒక్కొక్క రంధ్రమున ఒక్కొక్కటిగా బిగించి కొట్టును. తరతరములుగా ఒకే కుటుంబము తొలుచుచు రాగా, ఒక్క చెట్టున 50,000 వరకు రంధ్రములు ఏర్పడుట కలదు. కాయ ఎండి చిన్నదైనచో రంధ్రములో వదులగును, దొంగకు సులభమగును. కావున పక్షులు దానిని తీసి మరింత చిన్న రంధ్రమునకు మార్చును. చలికాలమంతయు ఈ కాపలా సాగును. కాయలు పండని సంవత్సరము వచ్చి గాదె వట్టిదైనప్పుడు స్థిరవాసులు సహితము చోటు విడిచి పోవలసివచ్చును.

అచటి జనులు పెరటిలో గింజలును క్రొవ్వుముద్దలును వ్రేలాడదీయుదురు. ఇది పక్షులను సోమరులను చేయునా యని చాలామంది సందేహింతురు. విస్కాన్సిన్‌లో జరిగిన పరిశోధన 1988లో ప్రచురింపబడెను. ఆహారము పెట్టిన చోట చికడీలలో నూటికి 69 చలికాలము దాటగా, పెట్టని చోట 37 మాత్రమే దాటినవి. ఈ భేదము ముఖ్యముగా మిక్కిలి తీవ్రమైన చలి నెలలలోనే కనబడెను. ఆ పరిశోధకులే తరువాత, ఏండ్ల తరబడి పెట్టిన ఆహారమును మానివేసి చూడగా ఆ పక్షులు ఇతర పక్షుల వలెనే బ్రదికినవి. అనగా అవి పని మరువలేదు.

ఆహారము కంటె గొప్ప కొరత ఎండిన మానులది. పచ్చని గట్టి కఱ్ఱను తొలుచుట చిన్న వడ్రంగిపిట్టకు కష్టము. అది తొలిచి విడిచిన తొఱ్ఱలో చికడీయు, నట్‌హాచ్‌యు, నీలిపిట్టయు, ఎగిరెడు ఉడుతయు తలదాచుకొనును. వాటిలో అనేకములకు తొలుచు ముక్కు లేదు. శుభ్రత కొరకని ఎండిన చెట్లన్నిటిని నరికివేసిన తోపులో ఇవన్నియు ఒక్కసారిగా ఇల్లు లేనివగును. అందుచేత నేడు అమెరికా అటవీ అధికారులు అనేక చోట్ల కొన్ని ఎండిన మానులను కావలెనని నిలిపి యుంచుచున్నారు. మన పల్లెలలో మంచు లేకపోయినను ఈ సంగతి భిన్నము కాదు. పొలము గట్టున తల విరిగి నిలిచిన తాటిమాను బంగారు వీపు వడ్రంగిపిట్టకు గృహము. అది విడిచిన తొఱ్ఱలో ఒక ఏడు రామచిలుకయు, మరియొక ఏడు గోరువంకయు, మరియొక ఏడు పగిడికంటెయు పిల్లలను చేయవచ్చును. వంటచెరకు కొరకు గొడ్డలి పెట్టునప్పుడు లోపల ఎవరైన ఉన్నారేమో యని ఒకసారి మానును తట్టి చూచువారు అరుదు.