గూడెపు బిడ్డ మాట – పంచాయతీ సభ్యుని బాధ్యత

నల్లమల అంచున చెంచుగూడెములును, కర్నూలు, కడప ప్రాంతపు మెట్టపల్లెలలో సుగాలి తండాలును, ఎరుకల, యానాది వాడలును గలవు. అచ్చట ఒక బిడ్డపై లైంగిక అత్యాచారము జరిగినచో, ఆ వార్త ముందుగా పంచాయతీ సభ్యుని చెవికే చేరవచ్చును. అప్పుడు సభ్యుడు చేయు పనిపై ఆ బిడ్డకు కలుగు న్యాయము చాలవరకు ఆధారపడియుండును.

ఇట్టి బిడ్డ విచారణలో మౌనము వహించుటకు కారణములు కలవు. 1871లో పుట్టిన నేరజాతుల చట్టము 1911 తరువాత మద్రాసు రాజధానిలో ఎరుకల కుటుంబములను పోలీసు హాజరుపట్టీలకు కట్టివేసెను. 1952లో ఆ చట్టము రద్దయ్యెను గాని, పోలీసు దుస్తులను చూచిన కలుగు భయము ఒక్క తరముతో పోవునది కాదు. రెండవ కారణము భాష. సుగాలి బిడ్డకు ఇంటిమాట గోర్ బోలీ. ఎరుకలవారికి వేరు భాష గలదు. తెలియని మాటకు బిడ్డ "అవును" అని తల యూపినచో అది సాక్ష్యము కానేరదు. "మామ", "చిన్నాయన" యను పిలుపులు పలువురికి చెల్లును; ఎవరో తెలిసికొనవలెను. తేదీ చెప్పలేని బిడ్డ "సంతనాడు" అని చెప్పగలదు. అది అబద్ధము కాదు.

2012 నాటి లైంగిక నేరముల నుండి బాలల రక్షణ చట్టము ఈ ఇబ్బందులకు మార్గము చూపినది. బిడ్డ వాఙ్మూలమును దాని ఇంటనో, కోరిన చోటనో తీసికొనవలెను. సాధ్యమైనంతవరకు సబ్ఇన్‌స్పెక్టరు హోదాకు తగ్గని మహిళాధికారి, పోలీసు దుస్తులు ధరింపక, తీసికొనవలెను. తల్లిదండ్రులో, బిడ్డ నమ్మినవారో ప్రక్కన ఉండవలెను. అవసరమైనచో దుబాసీ సాయము పొందవచ్చును. రాత్రివేళ బిడ్డను ఠాణాలో ఉంచరాదు.

సభ్యులకు మేము చేయు మనవి యిది. విన్నవెంటనే పోలీసులకుగాని, 1098 సంఖ్యకుగాని తెలుపుడు. నేరము తెలిసియు తెలుపకుండుట శిక్షార్హము. బిడ్డను మీరు మరల మరల ప్రశ్నింపకుడు. చెప్పిన మాటను చెప్పినట్లే వ్రాసికొనుడు. దుబాసీగా నిందితుని బంధువును పంపకుడు. పేరును రచ్చబండకు ఎక్కింపకుడు. కులపెద్దలు తప్పు కట్టించి రాజీ చేసిరని ఊరకుండకుడు; ఆ సొమ్ము బిడ్డకు న్యాయము కాదు.

మరియొక మాట. తేనెకై తల్లిదండ్రులతో అడవికి పోవుటయు, సుగ్గికి వలసపోవుటయు బీదతనపు బ్రదుకే గాని బిడ్డపై క్రౌర్యము కాదు. అట్లని క్రౌర్యమును "వారి ఆచారము" అని విడువరాదు. ఆచారమును గౌరవించుటయు, బిడ్డను కాపాడుటయు ఒకదానికొకటి విరోధములు కావు. బిడ్డ తన వాకిట, తన భాషలో, తనవారి ప్రక్కన నిర్భయముగా మాటాడగలిగిననాడే నిజము బయటపడును.