నా నంబర్ మీకెవరిచ్చారు?

ప్రశ్న: కిందటేడాది బాచుపల్లిలో ఫ్లాట్ కొనుక్కున్నాం. గృహప్రవేశం ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టాను. మా అమ్మాయికి పదిహేడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. టెన్త్ మార్కుల మెమో కూడా సంతోషం కొద్దీ పోస్టు చేశాను. అప్పట్నుంచి ఇంటీరియర్స్ వాళ్లు, లోన్ల వాళ్లు, అడ్మిషన్లు ఇప్పిస్తామనే కన్సల్టెన్సీల వాళ్లు రోజూ ఫోన్లు చేస్తున్నారు. మొన్న ఒకతను అమ్మాయి పేరు, కాలేజీ పేరు, మా బ్లాక్ నంబరుతో సహా చెప్పాడు. భయం వేసింది. 'నా నంబర్ మీకెవరిచ్చారు?' అని అడిగితే ఫోన్ పెట్టేశాడు. ఫేస్‌బుక్‌లో పెట్టింది నువ్వే కదా, ఎవర్నని ఏం లాభం అంటున్నారు మావారు. చట్టంలో మాకేమైనా దారి ఉందా?
- ఒక గృహిణి, బాచుపల్లి

జవాబు: అమ్మా, గృహప్రవేశం ఫొటో పెట్టడం తప్పు కాదు. అది నలుగురికీ చెప్పుకోవాలనిపించే శుభకార్యం. అయినవాళ్లకు చూపించుకున్న సంతోషాన్ని పట్టుకుని ఎవరో మీ పిల్ల పేరు దాకా రావడం మాత్రం వేరే సంగతి. మీవారి ప్రశ్నకు చట్టం ఇచ్చే జవాబు ఒక్క ముక్కలో తేలేది కాదు. మీరు అందరూ చూసేలా పెట్టిన వివరానికి ఒక లెక్క, ఒక పని కోసం ఒకరి చేతికి ఇచ్చిన వివరానికి ఇంకో లెక్క. మొదటిదానికి రక్షణ తక్కువ, రెండోదానికి గట్టిగానే ఉంది. మీకు ఫోన్ చేసినతని దగ్గర ఈ రెండూ కలిసిపోయి ఉన్నాయి.

ఇవి ఎలా కలుస్తాయో మీ కమిషనరేట్ పరిధిలోనే ఒకసారి బయటపడింది. 2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు నోయిడా కేంద్రంగా జనం వివరాలు అమ్ముతున్నారంటూ ఏడుగురిని అరెస్టు చేశారు. పోలీసులు చెప్పిన ప్రకారం వాళ్ల దగ్గర 16.8 కోట్ల మంది వివరాలున్నాయి. లోన్లకు, ఇన్సూరెన్సుకు అప్లై చేసినవాళ్లు, ప్రభుత్వోద్యోగులు, ఐటీ ఉద్యోగులు, డీమ్యాట్ ఖాతాదారులు, చివరికి సైన్యంలో పనిచేసేవాళ్లు కూడా వేర్వేరు లిస్టుల్లో ఉన్నారు. నీట్ రాసే విద్యార్థుల లిస్టులో పేరు, తండ్రి పేరు, మొబైల్ నంబరు, ఇంటి చిరునామా ఉన్నాయి. వాట్సాప్ వాడేవాళ్లు 1.2 కోట్ల మంది, ఫేస్‌బుక్ వాడేవాళ్లు 17 లక్షల మంది. యాభై వేల మంది వివరాలను రెండు వేల రూపాయలకే అమ్మినట్టు దర్యాప్తులో తేలిందన్నారు. అంటే తలకు నాలుగు పైసలు. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, ఫరీదాబాద్‌కు చెందిన మరొకరి అరెస్టును ప్రకటించారు. ఈసారి 24 రాష్ట్రాలు, 8 మహానగరాలకు చెందిన వ్యక్తులవి, సంస్థలవి కలిపి 66.9 కోట్ల వివరాలు.

ఆ లిస్టులన్నీ ఒకచోట పుట్టినవి కావు. ఫేస్‌బుక్ నుంచి మీ పేరు, ఏరియా దొరుకుతాయి. లోన్ ఎంక్వైరీలో మీ జీతం, పరీక్ష దరఖాస్తులో పిల్ల చదువు, ఫ్లాట్ బుకింగ్‌లో బ్లాక్ నంబరు ఉంటాయి. విడివిడిగా చూస్తే ఏదీ పెద్ద రహస్యం కాదు. అన్నిటిలోనూ ఉండే మీ ఫోన్ నంబరు దారమై వాటిని గుచ్చుతుంది. బాచుపల్లి, ప్రగతినగర్, నిజాంపేటల్లో కాలేజీలు, కొత్త అపార్ట్‌మెంట్లు పక్కపక్కనే ఉంటాయి. హైటెక్ సిటీ వైపు ఉద్యోగం, మీద హోమ్ లోన్, ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలు... లిస్టులు అమ్ముకునేవాళ్లకు ఇంతకన్నా గిరాకీ ఉన్న ఇల్లు ఉండదు.

ఇక చట్టం. గోప్యత మన ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి వేసిన కేసు అది. ఆ తీర్పు వచ్చిన ఆరేళ్లకు డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 వచ్చింది. నిబంధనలు 2025 నవంబరులో గానీ రాలేదు. ఈ చట్టం కింద ఫిర్యాదులు విచారించే డేటా ప్రొటెక్షన్ బోర్డుకు సంబంధించిన సెక్షన్లు అప్పుడే అమల్లోకి వచ్చాయి. మనకు అక్కరకొచ్చే హక్కులన్నీ మాత్రం పద్దెనిమిది నెలల తర్వాత, అంటే 2027 మే నెల మధ్యలో అమల్లోకి వస్తాయి. చట్టం ఉందని విని ఇవాళే ఆ బోర్డుకు ఫిర్యాదు రాస్తే పని జరగదు.

ఈ చట్టంలో మీరు ముందుగా తెలుసుకోవలసింది సెక్షన్ 3. తన వివరాన్ని తానే అందరికీ తెలిసేలా బయటపెట్టుకున్న మనిషికి ఆ వివరం మేరకు ఈ చట్టం వర్తించదు. సోషల్ మీడియాలో రాసుకున్నవాళ్లనే అక్కడ ఉదాహరణగా ఇచ్చారు. అంటే 'పబ్లిక్' అని పెట్టిన పోస్టులోంచి ఎవరైనా మీ వివరాలు ఏరుకుంటే, ఈ చట్టం కింద వాళ్లను నిలదీయలేరు. నా దృష్టిలో ఈ చట్టంలోని పెద్ద లోపం ఇదే. మనిషి నలుగురిలో మాట్లాడినంత మాత్రాన తన మాటల్ని పోగేసి లిస్టు కట్టి అమ్ముకోమని అనుమతి ఇచ్చినట్టు కాదు. చట్టం ఆ తేడా చూడలేదు.

మీ అమ్మాయి విషయంలో ఇది ఇంకా బరువైనది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల తరఫున వాళ్ల తల్లిదండ్రులనే ఆ డేటాకు హక్కుదారులుగా చట్టం చూస్తుంది. కాబట్టి మెమో పబ్లిక్‌గా పెట్టింది మీరే అయితే, ఆ పిల్లే బయటపెట్టుకున్నట్టు అవతలివాళ్లు వాదించడానికి వీలుంటుంది. ఇవాళే ఆ పోస్టు తీసేయండి, లేదా స్నేహితులకే కనిపించేలా మార్చండి. అదే మీ అమ్మాయి ఫొటో, మార్కులు వేరెవరైనా, ఉదాహరణకు ఒక కోచింగ్ సంస్థ, తమ ప్రచారానికి బయటపెడితే ఈ మినహాయింపు వాళ్లకు పనికిరాదు. ఎందుకంటే పెట్టింది మీరు కాదు. పిల్లల డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలని, పిల్లల అలవాట్లను గమనిస్తూ వాళ్లకు గురిపెట్టిన ప్రకటనలు చూపకూడదని సెక్షన్ 9 చెబుతుంది. దాన్ని ఉల్లంఘిస్తే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉంటుంది.

రెండో రకానికి వద్దాం. బిల్డర్‌కు, బ్యాంకుకు, కాలేజీకి, యాప్‌కు మీరు వివరాలు ఇచ్చింది ఒక పని కోసం. ఆ పనికి అవసరమైనంత వరకే అంగీకారం చెల్లుతుందని సెక్షన్ 6 అంటుంది. దానికిచ్చిన ఉదాహరణ ప్రతి ఇంటికీ తెలియాలి. ఫోన్లో డాక్టర్‌ను చూపించే యాప్ ఒకటి మీ కాంటాక్ట్స్ లిస్టు కూడా అడిగింది, మీరు సరేనని నొక్కారు. అయినా ఆ కాంటాక్ట్స్ మేరకు మీ అంగీకారం చెల్లదు, ఎందుకంటే వైద్యానికి వాటితో పనిలేదు. బటన్ నొక్కేశాం కదా, ఇక మాట్లాడటానికి లేదు అనుకునేవాళ్లందరికీ ఇదే జవాబు.

కాంటాక్ట్స్ సంగతి అంత ముఖ్యమా అంటారేమో. ఫేస్‌బుక్‌లో నడిచిన ఒక యాప్ సేకరించిన వివరాలు కేంబ్రిడ్జ్ అనలిటికా అనే సంస్థకు చేరిన వ్యవహారంలో 2018లో ఫేస్‌బుక్ చెప్పిన లెక్క చూడండి. ఆ యాప్‌ను మన దేశంలో వేసుకున్నవాళ్లు 335 మంది. వాళ్ల స్నేహితుల దాకా పాకి వివరాలు పోయి ఉండవచ్చన్నది మొత్తం 5,62,455 మందికి. ఆ ఐదున్నర లక్షల పైచిలుకు మందిలో దాదాపు ఎవరూ ఏ బటనూ నొక్కలేదు.

కొత్త చట్టంలో మీ ప్రశ్నకు సూటిగా తగిలేది సెక్షన్ 11. మీ అంగీకారంతో వివరాలు తీసుకున్న సంస్థను, వాటిని ఇంకా ఎవరెవరికి ఇచ్చారో పేర్లతో చెప్పమని అడగవచ్చు. నంబర్ ఎవరిచ్చారని ఫోన్ చేసినవాణ్ని అడిగితే పెట్టేస్తాడు. ఎవరికిచ్చారని ఇచ్చినవాళ్లను అడిగితే జవాబు చెప్పక తప్పదు. తప్పులు దిద్దించుకోవడం, తుడిచేయమనడం సెక్షన్ 12లో ఉన్నాయి. ఇచ్చిన అంగీకారాన్ని ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోవచ్చు. అంగీకారం అడిగేటప్పుడు వాళ్లిచ్చే నోటీసు తెలుగులో కావాలని కూడా కోరవచ్చు. ముందు ఆ సంస్థకే ఫిర్యాదు చేసి, అక్కడ తేలకపోతేనే బోర్డుకు వెళ్లాలి. అబద్ధపు ఫిర్యాదు చేస్తే పౌరుడికి కూడా పది వేల రూపాయల దాకా జరిమానా పడుతుంది. అందుకే ఆధారం చేతిలో పెట్టుకుని వెళ్లండి.

ఒక బాధ మాత్రం చెప్పకుండా ఉండలేను. డేటాను కాపాడలేకపోయిన సంస్థకు ఈ చట్టం కింద 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. ఆ డబ్బంతా ప్రభుత్వ ఖజానాకు వెళ్తుంది. నష్టపోయిన మీకు ఒక్క రూపాయి రాదు. అంతేకాదు, నిర్లక్ష్యంగా డేటా పోగొట్టిన కంపెనీ నుంచి నష్టపరిహారం అడగడానికి వీలిచ్చే ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం సెక్షన్ 43ఎ కూడా 2027 మేలో రద్దవుతుంది. ఇప్పటికైతే అది బతికే ఉంది. మామూలు ఫోన్ నంబరుకు అది వర్తించదు. బ్యాంకు ఖాతా, కార్డు వివరాలు, పాస్‌వర్డులు, వైద్య రికార్డులు, వేలిముద్రల వంటివి పోయి నష్టం జరిగితేనే. ఐదు కోట్ల రూపాయల లోపు పరిహారానికి రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శే తీర్పరి. మీ లోన్ కాగితాలే బయటకు పోయాయని ఆధారం దొరికితే ఆలస్యం చేయకండి.

2027 దాకా చేతులు కట్టుకు కూర్చోవలసిన పని లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఇప్పుడే మీ చేతిలో ఉంది. కొనుగోలుదారు నమ్మి ఇచ్చిన వ్యక్తిగత వివరాన్ని, చట్టం ఒప్పుకునే సందర్భంలో తప్ప, మరొకరికి వెల్లడించడం అనుచిత వ్యాపార పద్ధతి అని సెక్షన్ 2(47) స్పష్టంగా అంటుంది. దీన్ని వాడుకున్నవాళ్లు తక్కువ. కాల్స్ అన్నీ ఫ్లాట్ బుక్ చేసిన తర్వాతే మొదలైతే, మీ బ్లాక్ నంబరు బిల్డర్ దగ్గర తప్ప వేరెక్కడా లేకపోతే, అది బలమైన ఆధారం. ఫ్లాట్‌కు మీరు కట్టినది 50 లక్షల రూపాయల లోపైతే జిల్లా కమిషన్‌లో, అది దాటి రెండు కోట్ల లోపైతే రాష్ట్ర కమిషన్‌లో కేసు వేయాలి. వివరాలు బయటపెట్టిన నాటి నుంచి రెండేళ్లు గడువు. కాంట్రాక్టు ప్రకారం సేవలందిస్తూ చేతికొచ్చిన వివరాలను, అక్రమ లాభం కోసమో మీకు నష్టం చేయడానికో అనుమతి లేకుండా బయటపెడితే ఐటీ చట్టం సెక్షన్ 72ఎ కింద మూడేళ్ల దాకా జైలు శిక్ష కూడా పడవచ్చు.

ప్రచారపు ఫోన్లకైతే 1909కి ఫోన్ చేసి డీఎన్‌డీ (డూ నాట్ డిస్టర్బ్) పెట్టించుకోండి. ఆ తర్వాత కూడా వస్తే కాల్ వచ్చిన ఏడు రోజుల్లోపు అదే నంబరుకు గానీ, ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లో గానీ ఫిర్యాదు చేయండి. పదిరోజుల వ్యవధిలో ఐదుగురు ఫిర్యాదు చేస్తే ఆ నంబరుపై చర్య మొదలవుతుంది. మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక మాట వేస్తే ఐదుగురు దొరకడం కష్టం కాదు.

కాల్ చేసినవాడు డబ్బు అడిగినా, అమ్మాయి పేరు చెప్పి బెదిరించినా మాత్రం ఒక్క గంట కూడా ఆగవద్దు. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. బెదిరింపైతే బాచుపల్లి పోలీస్ స్టేషన్‌లో గానీ, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ ఫిర్యాదు ఇవ్వండి. మా పరిధి కాదని పంపేస్తే జీరో ఎఫ్ఐఆర్ రాయమని అడగండి. భారతీయ నాగరిక్ సురక్ష సంహిత సెక్షన్ 173 ఆ హక్కు ఇస్తుంది. కాల్ రికార్డు, స్క్రీన్‌షాట్లు, తేదీలు ఏవీ డిలీట్ చేయకండి. లాయర్ ఫీజు గురించి దిగులుంటే 15100కి ఫోన్ చేయండి. ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది.

ముందు చేయవలసింది మాత్రం ఒక ఉత్తరం. బిల్డర్‌కు, లోన్ ఇచ్చిన బ్యాంకుకు, కాలేజీకి విడివిడిగా రాయండి: 'అయ్యా, ఫలానా తేదీన ఫలానా పని కోసం నా పేరు, ఫోన్ నంబరు, చిరునామా, మా అమ్మాయి వివరాలు మీకు ఇచ్చాను. ఆ పనికి తప్ప వేరే దేనికీ వాడటానికి, ఇతరులకు ఇవ్వటానికి నేను ఒప్పుకోలేదు. ఇప్పటిదాకా ఎవరెవరికి ఇచ్చారో రాతపూర్వకంగా తెలపండి. ఇకమీదట ఎవరికీ ఇవ్వవద్దు. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే చట్టప్రకారం ముందుకు వెళ్తాను.' కింద మీరు, మీవారు ఇద్దరూ సంతకం చేసి స్పీడ్ పోస్టులో పంపండి. ఉత్తరం జిరాక్సు, పోస్టు రసీదు ఫ్లాట్ కాగితాలతో పాటు దాచండి.