సర్వరు కాలిపోయినా సమాచారం బతకాలంటే?

2021 మార్చి 10న, అర్ధరాత్రి దాటాక, ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ నగరంలో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. ఓవీహెచ్ అనే కంపెనీకి చెందిన ఐదంతస్తుల కంప్యూటర్ల భవనం తగలబడిపోయింది. అందులోని సర్వర్లు కాలిపోయాయి. ఎవరికీ ప్రాణహాని జరగలేదు. కాని వేలాది సంస్థల వెబ్‌సైట్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. వాటిలో కొన్ని మళ్ళీ పని మొదలుపెట్టాయి. మరికొన్నింటి సమాచారం ఎన్నటికీ దొరకలేదు. ఎందుకీ తేడా?

సర్వరు అంటే అనేకమందికి ఒకేసారి సేవచేసే కంప్యూటరు. బ్యాంకు లెక్కలు, రైలు టిక్కెట్లు, ఆసుపత్రి రికార్డులు ఇలాంటి సర్వర్ల డిస్కుల్లోనే ఉంటాయి. డిస్కు చెడితే కొత్తది కొనవచ్చు. అందులోని సమాచారాన్ని మాత్రం ఏ అంగడిలోనూ కొనలేం. అందుకే ముందుగానే నకలు తీసి ఉంచాలి. దీన్నే బ్యాకప్ అంటారు.

ఫైళ్ళ నకలు చాలదా?

ఫైళ్ళను మాత్రమే దాచుకున్నామనుకోండి. సర్వరు పోయినప్పుడు కొత్తదానిలో ముందు ఆపరేటింగ్ సిస్టం ఎక్కించాలి. తరువాత ప్రోగ్రాములు, వాటి అమరికలు, పాస్‌వర్డులు. ఇదంతా అయ్యాకే ఫైళ్ళ వంతు. దీనికి రోజులు పట్టవచ్చు.

డిస్క్ ఇమేజి పద్ధతి వేరు. డిస్కు అంటే నంబర్లు వేసిన గళ్ళపుస్తకం లాంటిది. ఒక్కో గడిని సెక్టారు అంటారు. ఒక్కోదానిలో సాధారణంగా 512 లేదా 4,096 బైట్లు పడతాయి. ఇమేజి తీసే సాఫ్ట్‌వేరు ఏ గడిలో ఏముందో అర్థం చేసుకునే పని పెట్టుకోదు. ఉన్నది ఉన్నట్టు, అదే వరుసలో ఎత్తి రాస్తుంది. దాన్ని కొత్త డిస్కు మీదికి తిరిగి దింపితే పాత సర్వరు మొత్తంగా లేచి కూర్చుంటుంది.

నడుస్తున్న సర్వరుతో చిక్కు

సర్వరు ఆగదు కదా! గోపి తన ఖాతా నుంచి లత ఖాతాకు 500 రూపాయలు పంపుతున్నాడనుకోండి. లత ఖాతా 100వ గడిలో, గోపి ఖాతా 900వ గడిలో ఉన్నాయి. సాఫ్ట్‌వేరు 100వ గడిని నకలు చేసి ముందుకు పోయాక డబ్బు బదిలీ అయింది. 900వ గడికి వచ్చేసరికి గోపి ఖాతాలో 500 తగ్గింది. నకలులో మాత్రం లతకు డబ్బు చేరలేదు. 500 రూపాయలు మాయం!

దీనికి ఉపాయం స్నాప్‌షాట్. ఒక క్షణాన్ని గుర్తుపెట్టుకుని, ఆ తరువాత ఏ గడి మారబోతున్నా, ముందు దాని పాత విలువను పక్కన దాస్తారు. సాఫ్ట్‌వేరు ఆ పాత విలువనే చదువుతుంది. ఇప్పుడు గోపి, లతల లెక్కలు రెండూ బదిలీకి ముందువే. కనుక లెక్క సరిపోతుంది.

రోజూ అంతా రాయాలా?

10,00,000 మెగాబైట్ల డిస్కును సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున రాస్తే 10,000 సెకన్లు, అంటే సుమారు 2 గంటల 47 నిమిషాలు పడుతుంది. నిన్నటి నుంచి మారినవి 20,000 మెగాబైట్లే అయితే, వాటిని మాత్రం రాయడానికి 200 సెకన్లు చాలు. అందుకే వారానికోసారి పూర్తి ఇమేజి, మిగతా రోజుల్లో మార్పులు మాత్రమే తీస్తారు. అయితే ఇది గొలుసు వంటిది. బుధవారం లంకె తెగితే గురువారం లంకె పనికిరాదు.

రెండు జాగ్రత్తలు

మొదటిది: సమాచారం మూడు ప్రతులుగా, రెండు రకాల సాధనాల మీద ఉండాలి. వాటిలో ఒకటి దూరాన, వేరే చోట ఉండాలి. స్ట్రాస్‌బర్గ్‌లో కొందరి బ్యాకప్‌లు అసలు సర్వర్లున్న భవనంలోనే ఉండి, వాటితోపాటే కాలిపోయాయి.

రెండవది: నకలును అప్పుడప్పుడు వేరే సర్వరు మీద దింపి చూడాలి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో పొరపాటున అసలు డేటాబేసు తుడిచిపెట్టుకుపోయింది. రోజూ జరుగుతున్నదనుకున్న బ్యాకప్ నిజానికి విఫలమవుతూ వచ్చింది. ఆ సంగతి తెలిపే ఈమెయిళ్ళు కూడా ఎవరికీ చేరలేదు. ఆరు గంటల క్రితం తీసిన ఒక స్నాప్‌షాట్ ఉండబట్టి గండం గడిచింది. ఆ ఆరు గంటల మార్పులు మాత్రం పోయాయి.

మీరే చెప్పండి

1. ఆదివారం పూర్తి ఇమేజి, తరువాత రోజూ మార్పులు తీస్తున్నారు. శుక్రవారం ఉదయం డిస్కు చెడింది. గురువారం రాత్రి స్థితికి రావాలంటే ఎన్ని నకళ్ళు కావాలి?

2. మీ ఇంట్లో ముఖ్యమైన ఫోటోలు ఎన్నిచోట్ల ఉన్నాయి? ఒక ఫోను పోతే ఎన్ని మిగులుతాయి?

(మొదటి ప్రశ్నకు జవాబు: 5)