సున్నపురాతిలో ప్రళయచరిత్ర: ఈ చదువునకు ఎవరు తగుదురు?

ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన నాటినుండి మన తెలుగునాట తల్లిదండ్రుల చిత్తములన్నియు కంప్యూటర్ సైన్సు సీటు చుట్టునే పరిభ్రమించుచుండుటయు, బిడ్డ భూగర్భశాస్త్రము పేరెత్తినచో "రాళ్లు చదివి ఏమి తినెదవు?" అని ఇంటిల్లిపాదియు మందలించుటయు ఏటేట నేను వినుచున్న సంగతులే. ఆ ప్రశ్నలో బిడ్డ భవిష్యత్తును గూర్చిన భీతి కలదు గాని ఆ విద్యతో పరిచయము లేదు. అట్లని, రాక్షసబల్లుల చలనచిత్రమును చూచి వచ్చి జాతినాశములను పరిశోధించెదనని ఉబలాటపడు బాలునకు వెంటనే వీపు తట్టుటయు నాకు సమ్మతము కాదు.

సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట రాక్షసబల్లులతోపాటు సముద్రజీవులలోను అనేక జాతులు అంతరించినవి. ఆ వృత్తాంతమును పొరవెంట పొరగా భద్రపరచినవి ఎముకలు గావు. సూర్యకాంతి చొరబడునట్టి లోతులేని సముద్రములలో బ్రతికి, మరణించి, అడుగున పేరుకొని సున్నపురాయిగ మారిన ఆల్చిప్పలు, నాచులు, ఫొరామినిఫెరా అను సూక్ష్మజీవుల కవచములు. ఇట్టి రాయి రాజమహేంద్రవర ప్రాంతముననే కలదు. దుద్దుకూరు, గౌరీపట్నముల కడ కంకర క్వారీలలో, రెండు లావా ప్రవాహముల నడుమ ఇమిడియున్న సముద్రపు పొరలు కనబడును. ఆ లావా పడమటి దక్కనునుండి సుమారు వేయి కిలోమీటర్లు ప్రవహించి వచ్చినదని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. 1930 దశకముననే ఎస్.ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావు గారలు వియన్నా పండితుడైన జూలియస్ పియాతో కలిసి ఈ పొరలలోని సున్నపునాచులను వర్ణించిరి. 2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయపు గెర్టా కెల్లర్, ఆమె సహచరులు ఇచటి ఫొరామినిఫెరాలను పరీక్షించి, ఈ సున్నపురాయి మహావినాశము ముగిసిన స్వల్పకాలమునకే ఏర్పడినదనియు, కావున దీని క్రిందనున్న లావా వెల్లువ ఆ వినాశమునకు అత్యంత సమీపకాలమున ముగిసియుండవలెననియు ప్రకటించిరి. మెక్సికోలోని చిక్సులూబ్ వద్ద పడిన గ్రహశకలమే కారణమనువారికిని, దక్కను లావాయే కారణమనువారికిని నడుమ సాగుచున్న వ్యాజ్యములో మన గోదావరిసీమ క్వారీ ఒక సాక్షి.

ఈ సాక్షిని ప్రశ్నించుట సులభము కాదు. రాతిని అంగుళము అంగుళముగ కొలిచి, నమూనాలు తీసి, 0.03 మిల్లీమీటర్ల మందమునకు అరగదీసి, గంటలతరబడి సూక్ష్మదర్శినిలో చూడవలెను. సముద్రమట్టము తగ్గినప్పుడెల్ల లోతులేని చోట నిక్షేపము నిలిచిపోవుటయేగాక ఉన్న పొరయు కోతకు గురియగును. ఆ లోపమును గుర్తింపనివానికి నెమ్మదిగా జరిగిన నాశము సైతము ఒక్క పెట్టున జరిగినట్లు తోచును. దీనికి విపర్యయముగా, అరుదైన జాతుల చివరి శిలాజములు అవి అంతరించిన క్షణమునకు చాల ముందరి పొరలలోనే ఆగిపోవుటచే, ఆకస్మిక వినాశము క్రమక్రమముగ జరిగినట్లు భ్రమ కలుగునని సిగ్నర్, లిప్స్ అనువారు 1982లో హెచ్చరించిరి. ఈ రెండు భ్రమల నడుమ తొందరపడక నిలువగల ఓర్పే ఈ విద్యకు మొదటి అర్హత. దానిని ఏ ర్యాంకును కొలువజాలదు. పల్నాడు, కర్నూలు సీమల సున్నపురాళ్లలో మాత్రము ఈ చరిత్రను వెదకవలదు. అవి గుల్లలు గల జీవులు అవతరింపక పూర్వపువి.

విజ్ఞానశాస్త్ర విభాగమున ఇంటర్ ముగించి, భూగర్భశాస్త్రముతో బీఎస్సీ, పిదప ఐఐటీల ఎమ్మెస్సీ ప్రవేశపరీక్షయైన జామ్ ద్వారా గాని విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్ష ద్వారా గాని ఎమ్మెస్సీ: మార్గమింతే.

వ్యయమును, వంచనను గూర్చి ఇంతకంటె విపులముగ చెప్పవలసియున్నది. ఆరవ తరగతి బిడ్డను ఫౌండేషన్ కోర్సు పేరిట తెల్లవారుజామునుండి రాత్రివరకు గదిలో బంధించి, వాని చేత ఒక్క రాయియైనను పట్టించని శిక్షణాలయములను నేను ఏనాడును సమర్థింపలేదు, సమర్థింపను. ఆ వ్యాధి ఇప్పుడు జామ్, గేట్, జియోసైంటిస్ట్ పరీక్షలకును ప్రాకినది. గైడులు వల్లించి వచ్చిన పట్టభద్రులలో, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లపు చుక్క పడగనే నురగలెత్తు సున్నపురాతికిని, పొడిచేసినగాని సరిగ నురగలెత్తని డోలమైటునకును భేదము తెలియనివారున్నారు. ఆ శిక్షణకు కట్టిన సొమ్ముతో ఒక మంచి భూతద్దము, ఒక సుత్తి, నాలుగు క్షేత్రయాత్రలు లభించెడివి. అంతకంటె భయంకరమైనది ఇల్లు తాకట్టుపెట్టి విదేశములలో ఎమ్మెస్ చదివించుట. ఈ రంగమున పీహెచ్‌డీకి మంచి విశ్వవిద్యాలయములు సాధారణముగ తామే భృతినిచ్చును. మన దేశముననే జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ 2023నుండి నెలకు 37,000 రూపాయలు. అప్పుచేసి పరిశోధకుడు కానక్కరలేదు.

ఇక జీవనోపాధి. జాతినాశములపైననే జీవితాంతము పరిశోధన చేయగల ఆచార్యపదవులు స్వల్పము, నిరీక్షణ దీర్ఘము. ఈ సత్యమును దాచి ఆశపెట్టుట పాపము. కాని సున్నపురాతిని చదువగలవాని చేతిపని వ్యర్థము కాదు. బొంబాయి హై చమురుక్షేత్రమున ప్రధానమైన చమురు సున్నపురాతి పొరలలోనిదే. సిమెంటు పరిశ్రమకు ఆ రాయియే ప్రాణము. భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దక్షిణప్రాంత కార్యాలయము హైదరాబాదుననే యున్నది. కనుకనే అధికరుసుముల ప్రైవేటు పెట్రోలియం ఇంజనీరింగు కంటె, ఆంధ్ర విశ్వవిద్యాలయమువంటి పాత విభాగములో క్షేత్రాధ్యయనముతో కూడిన నిరాడంబరమైన ఎమ్మెస్సీని నేను మేలుగ నెంచెదను.

తల్లిదండ్రులారా, ఫలితములు వచ్చిన వారములోపలనే బిడ్డ జీవితమంతయు నిర్ణయింపబూనకుడు. మీకు దగ్గరి విశ్వవిద్యాలయమున భూగర్భశాస్త్ర విభాగమునకు ముందుగ ఉత్తరము వ్రాసి, అనుమతి పొంది, బిడ్డకు సూక్ష్మదర్శినిలో ఒక సున్నపురాతి పలకను చూపింపుడు. పది నిమిషములలో విసిగి లేచివచ్చినచో వేరుమార్గము చూడుడు, లేవనిచో అడ్డుపడకుడు.