మంచులో రోడ్డు ప్రమాదం – పరిహారానికి రైతు ఏం చేయాలి?

వానాకాలం వడ్లు కాంటాకు పోయేది, పత్తి మిల్లుకు తరలేది, యాసంగి నార్లు పోసేది అంతా మంచు కురిసే రోజుల్లోనే. డిసెంబర్, జనవరి నెలల్లో ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. చెరువుల మీద, తడి మళ్ళ మీద ఉన్న గాలిలోని తేమ మంచుగా మారుతుంది. తెల్లవారుజామున, పొద్దు పొడిచే వేళ ఇది మరీ చిక్కగా ఉంటుంది. సరిగ్గా ఆ వేళకే మనం పాల క్యాన్లతో, కూరగాయల మూటలతో, ట్రాలీలతో రోడ్డెక్కుతాం.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఒక్క సెకనుకు దాదాపు 17 మీటర్లు దాటుతుంది. చిక్కటి మంచులో 50 మీటర్లకు మించి కనబడదు. అంటే డ్రైవరుకు ఉండే వ్యవధి 3 సెకన్లే. హైదరాబాద్ – విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి పక్క ఊళ్ళవారికి ఈ ముప్పు గురించి వేరే చెప్పనక్కరలేదు.

ప్రమాదం జరిగాక మనవాళ్ళు తరచుగా చేసే పని ఏమిటి? ఊళ్ళో పెద్దమనుషులను కూర్చోబెట్టి, బండి ఓనరు ఇచ్చిన పదో పాతికో వేలు తీసుకుని కాగితం రాసుకోవడం. నెల తిరిగేసరికి ఆ డబ్బు ఆసుపత్రికే చాలదు. కాలులో వేసిన రాడ్డు తీయించాలన్నా, మళ్ళీ ఆపరేషన్ చేయించాలన్నా అప్పు చేయాలి, లేదా పొలం అమ్మాలి. చట్టప్రకారం రావలసిన పరిహారం వేరే ఉంది. అది దక్కేదీ దక్కనిదీ చాలావరకు మొదటి కొద్ది రోజుల్లో మనం కూడబెట్టిన కాగితాల మీదే ఆధారపడి ఉంటుంది.

మొదటి రోజు చేయవలసినవి

ముందు ప్రాణం ముఖ్యం. 108కి, 112కి ఫోన్ చేయండి. 2025 మే నెలలో కేంద్రం ప్రకటించిన పథకం ప్రకారం, రోడ్డు ప్రమాద బాధితునికి పథకంలో చేరిన ఆసుపత్రుల్లో 7 రోజుల వరకు, లక్షన్నర రూపాయల మేర డబ్బు కట్టించుకోకుండా వైద్యం చేయాలి. ఆ మాట ఆసుపత్రిలో అడగండి. మోటారు వాహనం తగిలిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పి, మెడికో లీగల్ కేసుగా రాయించండి. "జారిపడ్డాడు" అని రాయిస్తే తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీ దాన్నే పట్టుకుంటుంది.

వెంట ఉన్నవారు బండి నంబరు రాసుకోవాలి. బండి ఎక్కడ ఆగిందో, లైట్లు వెలుగుతున్నాయో లేదో, మంచు ఎంత ఉందో తెలిసేలా ఫోన్‌లో ఫొటోలు తీయాలి. చూసినవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు తీసుకోవాలి. పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి ఎఫ్.ఐ.ఆర్. నకలు తీసుకోండి, అది ఉచితం. ఆసుపత్రి గొడవలో ఫిర్యాదు రెండు మూడు రోజులు ఆలస్యమైతే అంతటితో కేసు పోదు. ఆలస్యానికి కారణం మాత్రం రాయించండి.

ఎక్కడ, ఎప్పటిలోగా?

పరిహారం ఇప్పించేది మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్. ప్రమాదం జరిగిన జిల్లాలో గాని, మీరు నివసించే చోట గాని, ప్రతివాది ఉండే చోట గాని దరఖాస్తు వేయవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం గడువు 6 నెలలు. పోలీసులు పంపే ప్రమాద నివేదికను కూడా ట్రిబ్యునల్ దరఖాస్తుగా తీసుకోవచ్చు. అయినా ఆ నమ్మకంతో ఇంట్లో కూర్చోవద్దు. "నా కేసు నివేదిక పోయిందా?" అని స్టేషన్లో అడగండి.

దారులు మూడు ఉన్నాయి.

1. ఎదుటివాడి తప్పు రుజువు చేసి, జరిగిన నష్టమంతా అడగడం. ఇది 166వ సెక్షన్.

2. తప్పెవరిదన్న వాదన లేకుండా నిర్ణీత మొత్తం తీసుకోవడం. ఇది 164వ సెక్షన్. మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు.

3. గుద్దిన బండి ఏదో తెలియకపోతే, మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. దీనికి ఆర్డీవోకు గాని తహసీల్దారుకు గాని దరఖాస్తు పెట్టాలి. మంచులో గుద్ది ఆగకుండా పోయిన బండ్ల విషయంలో ఈ సంగతి తెలియక చాలామంది ఊరుకుంటున్నారు.

మొదటి రెండింటిలో మీకు ఏది మేలో వకీలుతో మాట్లాడి తేల్చుకోండి.

రైతు ఆదాయం రుజువు చేయడం

ఉద్యోగికి జీతం చీటీ ఉంటుంది, రైతుకు ఉండదు. "భూమి అక్కడే ఉంది కదా, పంట వస్తూనే ఉంది కదా, నష్టమేముంది?" అని కంపెనీ వకీలు అడుగుతాడు. మీరు చూపవలసింది భూమిని కాదు, మీ కష్టాన్ని. పట్టాదారు పాసుపుస్తకం, కౌలు కాగితం, మార్కెట్ తక్‌పట్టీలు, కొనుగోలు కేంద్రం రసీదులు, పాల కేంద్రం పుస్తకం దాచండి. మీరు మంచం పట్టిన సీజన్లో దున్నకానికి, నాట్లకు, కోతకు పెట్టిన కూలీల లెక్క తేదీలతో రాసి ఉంచండి. మందుల బిల్లులు, డిశ్చార్జి కాగితం, ఆసుపత్రికి తిరిగిన ఆటో ఖర్చు కూడా లెక్కకు వస్తాయి.

అంగవైకల్యం మిగిలితే మెడికల్ బోర్డు సర్టిఫికెట్ తీసుకోండి. ఆ వైకల్యం మీ పనిని ఎంత దెబ్బతీసిందన్నదే అసలు లెక్క అని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. మోకాలు వంగని మనిషి దుకాణంలో కూర్చోగలడు గాని అరక కట్టలేడు. ఈ మాట ట్రిబ్యునల్ ముందు చెప్పించాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. 42 ఏళ్ళ రైతు ఆదాయం నెలకు 10 వేలని రుజువైంది. ఏడాదికి 1,20,000. స్వయంగా సంపాదించుకునే 40–50 ఏళ్ళవారికి భవిష్యత్ పెరుగుదల కింద 25 శాతం కలుపుతారు. మొత్తం 1,50,000. పని శక్తి 40 శాతం పోయిందని తేలితే ఏడాది నష్టం 60,000. 41–45 ఏళ్ళ వయసుకు గుణకం 14. అంటే 8,40,000 రూపాయలు. వైద్యం ఖర్చు, బాధకు పరిహారం దీనికి అదనం. ఇప్పుడు పంచాయితీలో ఇచ్చే పాతిక వేలతో పోల్చి చూడండి.

మనమే ప్రతివాది అయితే?

ఇది రెండో వైపు. లైటు లేకుండా రోడ్డు పక్కన ఆపిన ట్రాలీని మంచులో వెనకనుంచి బైకు గుద్దితే, బాధితుడు మన మీదే కేసు వేస్తాడు. ట్రాక్టరుకు ఇన్సూరెన్స్ లేకపోతే పరిహారం మన జేబులోంచే కట్టాలి. కట్టలేకపోతే పొలం జప్తుకు వస్తుంది. అందువల్ల పాలసీ తేదీ ఇవాళే చూసుకోండి. ట్రాలీ కూడా పాలసీలో ఉందో లేదో అడగండి. ట్రాలీ వెనక ఎర్ర లైటు, రిఫ్లెక్టర్ స్టిక్కర్లు పెట్టించండి. ఎడ్లబండికి సైతం స్టిక్కర్లు అతికించండి.

ట్రాక్టరు మడ్‌గార్డు మీద, ట్రాలీలో కూలీలను ఎక్కించుకోవడం మనకు అలవాటు. వ్యవసాయ పనికని తీసుకున్న పాలసీ సాధారణంగా వారికి వర్తించదు. కంపెనీ తప్పుకుంటే ఆ కుటుంబాల భారం ట్రాక్టరు ఓనరు మీద పడుతుంది.

రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్ళు పెట్టడం కూడా ఇలాంటిదే. రాత్రి పూట, మంచులో ఆ రాళ్ళకు తగిలి ఎవరైనా చనిపోతే రైతుపై క్రిమినల్ కేసు పెట్టవచ్చు. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం 5 ఏళ్ళ వరకు జైలు శిక్ష ఉంది. కల్లంలో చోటు లేకపోతే నలుగురు కలిసి ఖాళీ జాగా చూసుకోండి. రోడ్డు మీద మాత్రం వద్దు.

గుర్తుంచుకోండి

ఖాళీ కాగితం మీద, వకాలత్ మీద చదవకుండా సంతకం గాని వేలిముద్ర గాని వేయవద్దు. ఆసుపత్రి దగ్గరకే వచ్చి "కేసు మేం చూసుకుంటాం, వచ్చిన దాంట్లో సగం మాకు" అనే దళారులను నమ్మవద్దు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయ పరిమితికి లోబడిన పేదలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోన్ 15100. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కేసు త్వరగా తెగుతుంది, కాని పైన చెప్పిన లెక్క వేసుకున్నాకే ఒప్పుకోండి.

బ్యాంకు ఖాతా ఉన్న 18–70 ఏళ్ళవారు ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేరవచ్చు. ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి. ట్రిబ్యునల్ కేసు దీనికి వేరు.

అన్నిటికన్నా మంచి మాట ఒకటుంది. మంచు చిక్కగా ఉంటే పొద్దెక్కేదాకా ఆగండి. గంట ఆలస్యమైతే కాంటా ఎక్కడికీ పోదు.