రావలసిన కూలి

గుంటూరు చుట్టుపక్కల మిరపకాయల కోల్డ్ స్టోరేజీలు చాలా ఉన్నాయి. వాటి పక్కనే రేకుల షెడ్లు. షెడ్లలో ఆడవాళ్లు బారులు తీరి కూర్చుంటారు. మిరపకాయల తొడిమలు తీస్తారు. తాలుకాయలు వేరు చేస్తారు. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకుంటారు. అయినా దగ్గు ఆగదు. చేతుల మంట సబ్బుతో పోదు. ఇంటికిపోయి చంటిబిడ్డను ఎత్తుకోవాలన్నా భయమే.

అలాంటి ఒక షెడ్డులో పని చేసే ఆమె పేరు లక్ష్మి అనుకుందాం. ఆమెతో పాటు ఇంకో 13 మంది ఉన్నారు. అందరిదీ ఒకే వాడ. వీళ్లను పనికి తీసుకొచ్చింది మేస్త్రి. కూలి రోజు లెక్కన కాదు, కిలోల లెక్కన. వారానికొకసారి, శనివారం ఇవ్వాలి.

ఒక శనివారం డబ్బులు రాలేదు. రెండో శనివారమూ రాలేదు.

"యజమాని ఇయ్యలేదమ్మా. నన్నేం చేయమంటారు? వచ్చే వారం చూద్దాం" అన్నాడు మేస్త్రి.

మూడో శనివారం కూడా ఆ మాటే. కొట్టువాడు ఇక అరువు ఇవ్వనన్నాడు. లక్ష్మి చెవుల కమ్మలు తాకట్టుకు పోయాయి.

ఆ మరుసటి వారం మేస్త్రి ఒక కాగితం తెచ్చాడు. "తలా 3000 ఇస్తాను. ఇక్కడ వేలిముద్ర వేయండి" అన్నాడు.

ఇదివరకైతే వేసేవాళ్లే. ఎన్నిసార్లు వేశారో లెక్కలేదు. కానీ లక్ష్మి రెండేళ్లుగా రాత్రిబడికి పోతున్నది. కాగితం చేతిలోకి తీసుకున్నది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకే చదివింది.

"మా - కు - రా - వల - సిన కూలి మొత్తం ముట్టినది. ఇక బాకీ ఏమియు లేదు."

షెడ్డంతా నిశ్శబ్దం అయిపోయింది.

"అదేందన్నా! సగం కూడా ఇయ్యకుండా మొత్తం ముట్టిందని రాశావే!" అన్నది లక్ష్మి.

"అది ఊరికే రాసుకునేది లేమ్మా. అందరూ వేసేదే" అన్నాడు మేస్త్రి.

ఆ రోజు ఎవరూ వేలిముద్ర వేయలేదు. 3000 కూడా రాలేదు. రాత్రికి ఒకరిద్దరు లక్ష్మిని తిట్టుకున్నారు కూడా. వచ్చేది కూడా పోగొట్టావు గదా అన్నారు. వాళ్లను తప్పు పట్టలేం. ఇంట్లో బియ్యం లేనప్పుడు 3000 పెద్ద డబ్బే.

లక్ష్మి దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. కూతురి పాత పుస్తకంలో మిగిలిన కాగితాలు కలిపి కుట్టుకున్నది. ప్రతిరోజూ తేదీ వేస్తుంది. ఎన్ని కిలోలు తూచారో రాస్తుంది. అడ్వాన్సు తీసుకుంటే అదీ రాస్తుంది. రాత్రిబడిలో నేర్చిన అంకెలు మరిచిపోకుండా ఉండాలని మొదలుపెట్టింది, అంతే. ఇప్పుడు అదే పనికొచ్చింది.

మొదటి వారం 240 కిలోలు.
రెండో వారం 236 కిలోలు.
మూడో వారం 244 కిలోలు.
మొత్తం 720 కిలోలు.

లెక్కకు సులువుగా కిలోకు 10 రూపాయలు అనుకుందాం. 7200 రూపాయలు అయింది. అడ్వాన్సు 1000 పోగా 6200 రావాలి. మేస్త్రి పుస్తకంలో మాత్రం 648 కిలోలే ఉన్నాయి. ఏమంటే తరుగు అన్నాడు. ఒక్క తరుగులోనే 72 కిలోలు, అంటే 720 రూపాయలు పోయాయి.

రాత్రిబడి టీచరమ్మ ఒక దారి చెప్పింది. జిల్లా కోర్టులో న్యాయసేవాధికార సంస్థ అని ఒక ఆఫీసు ఉంటుంది. ఆడవాళ్లకు అక్కడ వకీలును ఉచితంగా పెడతారు. ఆదాయం ఎంత అని అడగరు. 1987 నాటి చట్టంలోనే ఈ మాట ఉంది. ఫోను చేయాలంటే 15100 నెంబరు. లక్ష్మి, ఆమె వదిన, వెనకింటి పిన్ని, ముగ్గురూ కలిసి వెళ్లారు.

అక్కడి వకీలమ్మ ముందు నోటుపుస్తకం చూసింది. తిరగేసి తిరగేసి చూసింది. తర్వాత చెప్పింది.

కూలి గురించి ఇదివరకు వేరువేరు చట్టాలు ఉండేవి. కూలి ఆలస్యం చేయకూడదని 1936లో ఒకటి. కనీస కూలి ఇవ్వాలని 1948లో ఒకటి. ఆడా మగా ఒకే పనికి ఒకే కూలి అని 1976లో ఒకటి. ఇవన్నీ కలిపి ఢిల్లీలో పార్లమెంటు 2019లో వేతనాల కోడ్ అనే ఒకే చట్టం చేసింది. అది 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. ఏ పనికి కనీసం ఎంత కూలి అనేది మాత్రం ఎక్కువ పనులకు రాష్ట్ర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. ఆ రేట్లు మారుతూ ఉంటాయి. కార్మిక శాఖ ఆఫీసులో అడిగితే చెప్పాలి. ఢిల్లీ ప్రభుత్వం ఒక అడుగు మట్టం గీస్తుంది, రాష్ట్రం అంతకంటే కిందికి పోకూడదు.

"మాది కిలోల లెక్క గదమ్మా. మాకు కనీస కూలి ఉంటుందా?" అని అడిగింది పిన్ని.

"ఉంటుంది. కిలోకు రేటు ప్రభుత్వం చెప్పకపోతే, ఆ పనికి రోజుకు చెప్పిన కనీస కూలి కంటే తగ్గకూడదు" అన్నది వకీలమ్మ.

కూలి ఎప్పుడు ఇవ్వాలో కూడా చట్టంలో ఉంది. రోజు కూలి అయితే ఆ రోజు పని దిగేటప్పటికి ఇవ్వాలి. వారం కూలి అయితే వారపు సెలవుకు ముందు రోజే ఇవ్వాలి. నెల జీతం అయితే పై నెల 7వ తేదీ లోపల. పనిలోనుంచి తీసేసినా, తానే మానేసినా, రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. కూలి చీటీ కూడా ఇవ్వాలి.

వదినకు అడ్వాన్సు భయం. ఆమె 5000 తీసుకుని ఉంది. చేసిన పని 6000కు. మేస్త్రి మొత్తం పట్టుకుంటానన్నాడు. అడ్వాన్సు పట్టుకోవచ్చు. కానీ ఒకసారి ఇచ్చే కూలిలో అన్ని కోతలూ కలిపి సగానికి మించకూడదు. 6000లో 3000 అయినా ఆమె చేతికి రావాలి. మిగతా బాకీ తర్వాత తీర్చుకోవచ్చు.

"మేస్త్రి రేపు ఊరొదిలి పోతే?"

"పోతే పోనీ. మేస్త్రి ఇవ్వకపోతే షెడ్డు యజమాని ఇవ్వాలి. నేను మేస్త్రికి ఇచ్చేశాను అని తప్పించుకోవడానికి వీల్లేదు."

అన్నిటికంటే లక్ష్మికి ఆశ్చర్యం వేసిన సంగతి ఇంకొకటి ఉంది. కూలి ముట్టలేదని కేసు వేస్తే, ముట్టింది అని రుజువు చేయవలసింది యజమానే. ముట్టలేదని కూలిమనిషి రుజువు చేయనక్కరలేదు. ఆ షెడ్డులో పని చేశానని మాత్రం చూపించాలి. దానికి నోటుపుస్తకం, తూకం చీటీలు, పక్కన కూర్చున్న ఆడవాళ్ల సాక్ష్యం, ఫోనులో డబ్బు పడిన మెసేజీలు పనికొస్తాయి. ఎవరైనా తెలియక వేలిముద్ర వేసినా అంతటితో అయిపోలేదు. నా కూలి హక్కు వదులుకుంటున్నాను అని రాయించుకున్న ఒప్పందం చట్టం ముందు చెల్లదు.

మేస్త్రి కమీషను మాట వచ్చినప్పుడు వకీలమ్మ ఒక పాత కేసు చెప్పింది. 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగాయి. వాటికోసం స్టేడియాలు, వంతెనలు కట్టారు. కూలీలకు రోజుకు కనీస కూలి 9 రూపాయల 25 పైసలు. ఆ డబ్బు జమాదారుల చేతుల మీదుగా పోయేది. జమాదారు అంటే మన మేస్త్రిలాంటి వాడే. మనిషికి రూపాయి చొప్పున పట్టుకుని 8 రూపాయల 25 పైసలే ఇచ్చేవాడు. ఆడవాళ్లకైతే 7 రూపాయలే. ఒక హక్కుల సంఘం ఈ సంగతి సుప్రీంకోర్టు జడ్జి పి.ఎన్. భగవతికి ఉత్తరం రాసింది. ఉత్తరమే. ఆ ఉత్తరాన్నే కోర్టు కేసుగా తీసుకున్నది. కనీస కూలి కంటే తక్కువకు పని చేయించుకుంటే అది వెట్టిచాకిరే అని తీర్పు చెప్పింది. వెట్టిని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించింది.

"అయితే మనమూ ఉత్తరం రాద్దాం" అన్నది వదిన.

లక్ష్మి రాసింది. తప్పులు టీచరమ్మ దిద్దింది. ఇదీ ఆ ఉత్తరం:

*షెడ్డు యజమాని గారికి, మేస్త్రి గారికి,*

*మేము 14 మందిమి మీ షెడ్డులో తొడిమలు తీసే పని చేశాము. మూడు వారాలుగా మాకు కూలి ఇవ్వలేదు. ఎవరికి ఎన్ని కిలోలు, ఎంత డబ్బు రావాలో ఈ ఉత్తరం వెనక రాశాము. తీసుకున్న అడ్వాన్సు కూడా రాశాము. తరుగు పేరుతో తీసిన కిలోలకు మేము ఒప్పుకోలేదు. ఈ ఉత్తరం అందిన 10 రోజుల్లో మా కూలి ఇవ్వండి. లేకపోతే వేతనాల చట్టం ప్రకారం కార్మిక శాఖకు అర్జీ పెట్టుకుంటాము.*

కింద 14 మంది పేర్లు. ఆరుగురు సంతకాలు చేశారు. ఎనిమిది మంది వేలిముద్రలు వేశారు. వేసే ముందు లక్ష్మి ఉత్తరం మొత్తం రెండుసార్లు చదివి వినిపించింది. ఫోనులో ఫోటో తీసుకున్నారు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకున్నారు.

తొమ్మిదో రోజున గుమాస్తా కబురు పెట్టాడు. మేస్త్రి పుస్తకం ప్రకారం డబ్బు ఇస్తామన్నాడు. లక్ష్మికి 5480 రూపాయలు. మళ్లీ అదే కాగితం ముందు పెట్టాడు. లక్ష్మి కలం అడిగింది. "మొత్తం ముట్టినది" అన్న మాట కొట్టేసింది. కింద తన చేత్తో రాసింది. "5480 రూపాయలు మాత్రమే ముట్టినవి. ఇంకా 720 రూపాయలు రావాలి." సంతకం చేసింది. గుమాస్తా చాలాసేపు గొణిగాడు. చివరికి డబ్బు ఇచ్చాడు.

తరుగు డబ్బు కోసం 14 మంది తరఫున కార్మిక శాఖలో ఒకే అర్జీ పెట్టారు. తలా ఒకటి అక్కర్లేదు. బాకీ పడిన నాటినుంచి మూడేళ్ల లోపల అర్జీ పెట్టుకోవచ్చు. కానీ అంత కాలం ఆగితే చీటీలు పోతాయి, సాక్షులు వలస పోతారు. అర్జీ వినే అధికారి మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. బాకీతో పాటు పరిహారం కూడా ఇప్పించవచ్చు. అది బాకీకి పది రెట్ల వరకూ ఉండవచ్చు. ఆర్డరు వచ్చాక కూడా ఇవ్వకపోతే భూమిశిస్తు బకాయి వసూలు చేసినట్టు కలెక్టరు ద్వారా వసూలు చేయిస్తారు. తక్కువ కూలి ఇచ్చిన యజమానికి 50,000 రూపాయల వరకూ జరిమానా పడవచ్చు.

ఇది చెప్పినంత సులువు కాదు. ఆఫీసుకు పోయిన రోజు కూలి పోతుంది. ఒకసారి అధికారి సెలవులో ఉన్నాడు. బస్సు చార్జీలు 14 మందీ తలా కొంత వేసుకున్నారు. మేస్త్రి లక్ష్మిని, వదినను ఇక ముఠాలోకి రానివ్వలేదు. ఇద్దరూ ఇప్పుడు వేరే షెడ్డుకు పోతున్నారు. అది అరగంట ఎక్కువ నడక. అర్జీ విచారణలో ఉంది.

కొత్త షెడ్డులో మొదటి రోజే లక్ష్మి నోటుపుస్తకం తీసింది. పక్కన కూర్చున్న ఒక అమ్మాయి తొంగి చూసింది.

"ఏం రాస్తున్నావక్కా?"

"తేదీ" అన్నది లక్ష్మి. "నువ్వూ వేసుకో."

మీ నోటుపుస్తకంలో చేయండి

1. ఈ వారం మీరు చేసిన పని తేదీల వారీగా రాయండి. రోజులు లేదా కిలోలు, తీసుకున్న అడ్వాన్సు, చేతికి వచ్చిన డబ్బు వేరువేరు గళ్లలో వేయండి.

2. ఒకామె రెండు వారాల్లో 410 కిలోలు తీసింది. కిలోకు 10 రూపాయలు. అడ్వాన్సు 1500. ఆమెకు ఎంత రావాలి? మేస్త్రి 1900 ఇచ్చాడు. ఆమె రసీదులో ఏమని రాయాలి?