క్యాంపు మీద సికింద్రాబాద్ వస్తే కుమ్మరిని ఎలా వెతకాలి?

రైల్ నిలయంలో మీటింగో, గాంధీ ఆసుపత్రిలో ట్రైనింగో పడి సికింద్రాబాద్ వచ్చారు. బస పద్మారావు నగర్‌లో. పని అనుకున్నదానికన్నా ముందే తెమిలింది, రైలు మర్నాడు రాత్రికి. మట్టిపని అంటే ఇష్టం ఉన్నవారు ఇలాంటప్పుడు ఫోన్ తీసి ‘పాటరీ నియర్ మీ’ అని కొడతారు. ఎక్కువగా స్టూడియోలూ గిఫ్టు షాపులే వస్తాయి. కుమ్మరి మాత్రం దొరకడు.

దొరక్కపోవడానికి కారణం ఉంది. కుమ్మరి ఇంటికి బోర్డు ఉండదు, ఆయనకు దాని అవసరమూ లేదు. గుడివాళ్ళు, పెళ్ళివాళ్ళు, రోడ్డు మీద అమ్మేవాళ్ళు తరతరాలుగా ఆ ఇల్లు ఎరిగినవాళ్ళే. స్టూడియో సంగతి వేరు, అది ఫోన్లు, బుకింగుల మీద నడుస్తుంది. కాబట్టి స్టూడియోకి ముందుగా ఫోన్ చేయాలి, కుమ్మరిని సరుకు జాడ పట్టుకుని వెతకాలి. ఈ రెంటినీ కలగాపులగం చేసుకుంటే ఉన్న కాస్త తీరికా ఆటోల్లోనే గడిచిపోతుంది.

సరుకు వెనకాలే వెళ్ళండి

ముందు మీరొచ్చింది ఏ కాలమో చూసుకోండి. ఎండాకాలమైతే రంజన్లు, కూజాలు రోడ్డు పక్కనే రాశి పోసి ఉంటాయి. ఆషాఢంలో బోనాల కుండలు, చవితికి మట్టి వినాయకులు, దీపావళికి ప్రమిదలు వస్తాయి. పెళ్ళిళ్ళ రోజుల్లో ఐరేని కుండల గిరాకీ ఉంటుంది. కాలాన్ని బట్టి ఏ వస్తువు పేరు చెప్పి అడగాలో తెలిస్తే సగం పని అయినట్టే. ‘ఇక్కడ పాటరీ ఎక్కడ?’ అంటే తెల్లమొహం వేసే దుకాణదారు, ‘ఈ ప్రమిదలు మీకు ఎవరు తెచ్చి వేస్తారు?’ అంటే వెంటనే చెప్తాడు. అయితే ముందు ఏదో ఒకటి కొని అప్పుడు అడగండి. బేరం తన చెయ్యి దాటిపోతుందని అనుమానం వస్తే ఎవరూ చిరునామా చెప్పరు.

పద్మారావు నగర్ నుంచి మొదలుపెట్టాలంటే స్కందగిరి గుడి చుట్టుపక్కల పూజాసామాన్ల దుకాణాల్లో ఆరా తీసి, అక్కణ్ణుంచి మోండా మార్కెట్ వైపు వెళ్ళండి. స్టేషన్‌కి దగ్గర్లో కుమ్మరిగూడ అనే బస్తీ ఉంది. పేరు చూసి అక్కడ గడపగడపకీ కుమ్మరి సారె (చక్రం) తిరుగుతుందని ఆశపడి ఆటో ఎక్కకండి. మార్కెట్లో కనుక్కుని కదలండి.

దుకాణాల్లో పని కాకపోతే అమ్మవారి గుళ్ళలో అడగండి. లష్కర్ బోనాల మర్నాడు ఉజ్జయిని మహంకాళి గుడిలో రంగం జరుగుతుంది. భవిష్యవాణి చెప్పే ఆమె నిలబడేది పచ్చికుండ మీద. కాల్చని కుండని ఏ దుకాణంలోనూ అమ్మరు. అంటే దాన్ని పనిగట్టుకుని చేసిచ్చే కుమ్మరి ఒకరు ఉండి తీరాలి. మీరు దిగిన బస్తీలోని గుడిలో కూడా ‘బోనాల కుండలు ఎవరి దగ్గర తెస్తారు?’ అని అడిగితే పేరు, వీధి గుర్తులతో సహా చెప్తారు. పెళ్ళి చేసిన ఇంటివాళ్ళూ అంతే. తెలంగాణ పెళ్ళిళ్ళలో చాలాచోట్ల ఐరేని కుండలను కుమ్మరింటికి డప్పులతో వెళ్ళి తెచ్చుకునే ఆనవాయితీ ఉంది కాబట్టి ఆ ఇల్లు వాళ్ళకి తెలుస్తుంది.

చేసేవారా, అమ్మేవారా?

రోడ్డు మీద కనిపించే రంగురంగుల సీసాలు, కప్పులు, బొమ్మల్లో గుజరాత్, రాజస్థాన్ లాంటి చోట్ల నుంచి వచ్చేవీ ఉంటాయి. వాటిని కొనడం తప్పు కాదు గానీ, మీరు వెతుకుతున్నది చేసే మనిషిని. ‘సారె ఎక్కడుంది? ఆవం మళ్ళీ ఎప్పుడు పెడతారు?’ అని రెండు ప్రశ్నలు వేయండి (ఆవం అంటే కుండలు కాల్చే బట్టీ). చేసేవాళ్ళు తడుముకోకుండా చెప్తారు. ‘మాల్ వస్తది సార్’ అన్నారంటే వాళ్ళు వ్యాపారులు.

వస్తువునూ చేతిలోకి తీసుకుని చూడండి. లోపలి గోడ మీద వేళ్ళ చారలు కింది నుంచి పైకి చుట్టుకుంటూ పోతే అది సారె మీద లేచిన పాత్ర. రెండు సగాలు అతికిన గీత నిలువునా కనిపిస్తే అచ్చులో పోసింది. అడుగు గుండ్రంగా ఉండి, తడిమితే చిన్న చిన్న పలకలు తగిలితే చెక్కతో తట్టి చేసింది. వేలి మెటికతో కొడితే ఖంగుమనాలి. మొద్దుగా మోగితే బీట ఉందనో, సరిగ్గా కాలలేదనో అర్థం. వంటపాత్రకి లోపల నిగనిగలాడే మెరుపు ఉంటే అదేం పూతో అడగండి. సీసం కలిసిన పూత, వార్నిష్ తిండికి పనికిరావు.

ఆ ఇంటికి వెళ్ళినప్పుడు

పొద్దున్నే వెళ్ళడం మంచిది. ఎండ ముదిరేలోపే సారె పని, ఆరబెట్టడం సాగుతుంటాయి. ముసురు పట్టిన రోజు వెళ్తే చూడటానికి పనేమీ ఉండదు. ఆవం పెట్టిన రోజు చూడవలసినదే గానీ, ఆ రోజు వాళ్ళకి మాట్లాడే తీరిక ఉండదు.

‘అన్నా’, ‘పెద్దమ్మా’ అని పిలవండి. ఫోటోకి ముందు అడగండి, పిల్లల్ని తీసేటప్పుడు మరీ ముఖ్యం. పని అంతా సారె దగ్గరే జరుగుతుందని అనుకోకండి. చాలా ఇళ్ళలో మట్టి నానబెట్టి జల్లించడం, రాళ్ళేరడం, ఆరిన కుండకి ఎర్రమట్టి పూయడం ఆడవాళ్ళే చేస్తారు. మట్టి ఏ చెరువుదో, ఏ పాళ్ళలో కలుపుతారో వాళ్ళకే బాగా తెలుస్తుంది. కాబట్టి వాళ్ళతోనూ మాట్లాడండి.

కాసేపు ఉండగలిగితే తట్టుడు పని చూడండి. సారె మీంచి దిగేటప్పటికి నీళ్ళకుండకి మూతి, మెడ కుదురుతాయి గానీ అడుగు ఇంకా దళసరిగానే ఉంటుంది. సగం ఆరాక ఒక చేత్తో లోపల గుండ్రాయి ఆనించి, రెండో చేత్తో బయట చెక్కతో తడుతూ కుండని తిప్పుతారు. దెబ్బ సరిగ్గా రాయి ఉన్నచోటే పడాలి. పక్కన పడితే చిల్లే. అలా తడుతుంటే గోడ పల్చబడి, అడుగు గుండ్రంగా సాగుతుంది. ఖాదీ కమిషన్ 2018 నుంచి కరెంటు సారెలు పంచుతోంది. వాటితో చెయ్యి నొప్పి తగ్గుతుంది గానీ, ఈ తట్టుడు మాత్రం చేత్తో చేయాల్సిందే.

గంటసేపు వాళ్ళ పని ఆపి నేర్పించమంటే, ఆ గంటకి ఎంతివ్వాలో ముందే మాట్లాడుకుని ఇవ్వండి. పది రూపాయల ప్రమిద దగ్గర బేరం ఆడకండి.

స్టూడియోకి ఫోన్ చేస్తే ఏం అడగాలి?

టికెట్ బుక్ చేసుకున్న రోజే ఫోన్ చేయండి. చాలా చోట్ల క్లాసులు వారాంతాల్లోనే ఉంటాయి, సీట్లు తక్కువ. ఇవి తప్పక అడగండి:

– ఒక్క పూట వచ్చేవాళ్ళకి క్లాసు ఉందా? సారె మీదా, చేత్తో మలిచే పనా?
– ఫీజులో మట్టి, కాల్పు, పూత అన్నీ కలిసే ఉన్నాయా?
– కాల్చే బట్టీ సొంతమేనా?
– చేసిన వస్తువు ఎప్పటికి తయారవుతుంది, కొరియర్ చేస్తారా?

చివరి ప్రశ్న వేరే ఊరినుంచి వచ్చినవారికి అన్నిటికన్నా ముఖ్యం. ఈ రోజు చేసిన కప్పు రేపు సంచీలో పెట్టుకెళ్ళేది కాదు. అది వారమో పైనో నిదానంగా ఆరాలి, ఒకసారి కాలాలి, పూత వేసుకుని మళ్ళీ కాలాలి. మూడు నాలుగు వారాలు మామూలే. మామూలు కుండమట్టి వెయ్యి డిగ్రీల లోపే కాలుతుంది. స్టూడియోల్లో ఎక్కువగా వాడే స్టోన్‌వేర్ మట్టికి 1,200 డిగ్రీలు దాటాలి. ధరలో తేడాకి ఇదొక కారణం.

స్టూడియోల కబురు కొంత నోటిమాట మీద కూడా నడుస్తుంది. బంజారాహిల్స్ లామకాన్ లాంటి సాంస్కృతిక వేదికల కార్యక్రమాలు చూడండి. మాసాబ్‌ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో శిల్పకళ విద్యార్థులని అడగండి. బట్టీ ఎవరి దగ్గరుందో వాళ్ళకి తెలుస్తుంది.

ఎవరూ దొరకని రోజున

ముందే ఫోన్ చేసుకోలేదు, కుమ్మరి ఇంట్లో లేరు. అలాంటప్పుడు గాంధీ ఆసుపత్రి స్టేషన్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగండి. అక్కణ్ణుంచి సాలార్‌జంగ్ మ్యూజియానికి ఆటోలో కాసేపే. అక్కడి చైనా పింగాణీ సేకరణ చూస్తే పూత అంటే ఏమిటో కంటికి అందుతుంది. శుక్రవారం మాత్రం సెలవు. లేదంటే సికింద్రాబాద్ ఈస్ట్‌లో ఎక్కి హైటెక్ సిటీలో దిగితే చేతివృత్తుల గ్రామం శిల్పారామం దగ్గరే. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 మధ్య వచ్చినవారికి నాంపల్లిలో మామూలుగా ఏటా జరిగే నుమాయిష్ ప్రదర్శన ఉండనే ఉంది.

ఆఫీసుకి ఆర్డర్ ఇచ్చేటట్టయితే

దీపావళి కానుకలకి రెండు నెలల ముందే మాట్లాడండి. వానల్లో ఆరబెట్టడం ఆలస్యమవుతుంది. నమూనా చూశాకే సంఖ్య చెప్పండి. సగం అడ్వాన్సు ఫోన్‌పేలో పంపితే మీ దగ్గర లెక్క ఉంటుంది. పగిలేవి పోను సరిపోయేలా నూటికి పది ఎక్కువ చెప్పుకోండి. అకౌంట్స్ వాళ్ళకి జీఎస్‌టీ బిల్లు కావాలంటే ఇంటి దగ్గర పనిచేసే కుమ్మరి ఇవ్వలేకపోవచ్చు. సహకార సంఘం ద్వారా కొనే వీలుందేమో ఆయన్నే అడగండి. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో కుమ్మరం ఒకటి. ఆ గుర్తింపు కార్డు ఉంటే ఎదుటివారు వృత్తిదారే అని మీ ఆఫీసుకి చూపించుకోవచ్చు.

రైల్లో తీసుకెళ్ళే కుండ లోపల పాత పేపర్లు కుక్కి, బయట దుప్పటి చుట్టి, కింది బెర్తు దగ్గర పెట్టుకోండి. ఇంటికెళ్ళాక వంటచట్టిని ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి, గంజి కాచి, ఆ తర్వాత సన్నని సెగ మీదే వాడండి.

మిగతా ఊళ్ళలో

తర్వాతి క్యాంపు బెంగళూరైతే బెన్సన్ టౌన్ పక్కన పాటరీ టౌన్ ఉంది. ముంబైలో ధారావి కుంభార్‌వాడ, ఢిల్లీలో ఉత్తమ్ నగర్, కోల్‌కతాలో కుమార్‌తులి ఉన్నాయి. పుదుచ్చేరిలో రే మీకర్, డెబొరా స్మిత్ 1971లో పెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ, మన దేశపు స్టూడియో పనికి పెద్ద బడి. మొదటి నాలుగు ఊళ్ళలో కుమ్మరులకు పేటలున్నాయి కాబట్టి వెతుకులాట తక్కువ. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో బస్తీలన్నిటా చెదిరి ఉన్నారు కాబట్టే సరుకు జాడ పట్టాల్సి వస్తోంది.

ఇల్లు దొరికాక ఇన్ని తిప్పలు మళ్ళీ పడకుండా చూసుకోండి. ఆ ఇంటివాళ్ళ నంబరు ఫోన్‌లో వేసుకుని, పక్కనే వీధి గుర్తు, ఆవం పెట్టే వారం రాసుకోండి. మళ్ళీ సికింద్రాబాద్ క్యాంపు పడితే టికెట్ చేయించే ముందే వాళ్ళకి ఫోన్ కొట్టి, ఆవం రోజు చూసుకుని తేదీ వేసుకోండి.